శ్రీ తొలగిన పిదప

ప్రొద్దుటూరులోని ఒక దేవాలయమున శాశ్వత అన్నదాన నిధికి ద్రవ్యమిచ్చిన దాతల పేర్లు వ్రాసిన పుస్తకములు, అంచులు నలిగి, కొన్నిచోట్ల చెదలు తిని, ఇక ఎక్కువ కాలము నిలువజాలని స్థితికి వచ్చినందున, వానిని కంప్యూటరులోనికి ఎక్కింపవలెనని అచటి పెద్దలు సంకల్పించి, ఉద్యోగము విరమించి తీరికగా నున్నవాడనని కాబోలు, ఆ పని చూచుకొను భారమును నాపై నుంచిరి. యంత్రము సంగతి నాకు తెలియదు. తెలిసిన మేనల్లు డొకడున్నాడు. వాడు పేర్లను ఎక్కించుచుండగా నేను ప్రక్కన కూర్చుండి పుస్తకము చదివి వినిపించుచుంటిని. అట్లు నెలల తరబడి పేర్లు చదువుటలో, పేరనగా నేమి, పేరునకు ముందు నిలుచు మాటకును పేరునకును గల సంబంధ మెట్టిది, ఆ మాటను తొలగించిన పిదప మిగులు వాడు మునుపటి వాడేనా, అను ప్రశ్న నన్ను పట్టుకొని, వేదాంతగ్రంథములలో నేను చిన్ననాట చదివి పైపైన దాటిపోయిన చర్చలకు నన్ను మరల తీసికొనిపోయినది.

ఆ పుస్తకములలో ఒంటరిగా నున్న పేరు అరుదు. శ్రీ, శ్రీమతి, చి., చి.ల.సౌ., కీ.శే., గం.భా., డాక్టరు, మేజరు, ఏదో ఒకటి ప్రతి పేరునకును ముందు నడచుచునే యుండును. అక్షరక్రమమున పేర్చగా పుస్తకములో సగము శకారము క్రింద కుప్పపడినది. పులివెందుల నుండి ఒకాయన వచ్చి, తన తండ్రి పేరిట అన్నదానము ఏ తిథినాడు జరుగునో చూచి చెప్పుడనగా, వెంకటరెడ్డి యను పేరును వకారములో వెదకిన గుమాస్తాకు అది కానరాలేదు. శకారములో వందల పేర్ల నడుమ దాగి యుండెను. ఆయన ఎండలో బస్సు దిగి వచ్చి గంటసేపు అరుగుమీద కూర్చుండవలసివచ్చినందుకు నాకు మనసు నొచ్చి, పేర్లకు ముందున్న శ్రీ నంతటిని తీసివేయుమని మేనల్లునితో నేనే చెప్పితిని. వాడు డేటాబేసునకు ఎస్‌క్యూఎల్ భాషలో రీప్లేస్ అను ఆజ్ఞ నొకదానిని వ్రాసి, శ్రీ యున్న చోటనెల్ల ఖాళీ నుంచుమని చెప్పి, అప్‌డేట్ అని నడిపించెను. నేను కన్ను మూసి తెరచునంతలో వేలకొలది పేర్లు మారినవి.

మరుక్షణమున వాడు నాలుక కరచుకొనెను. "మామా, ఈడ సూడు. శ్రీ తీసేయమంటివి గదా, తీసేసినా. ఇప్పుడు శ్రీనివాసులు యాడా లేడు, ఉత్త నివాసులుండాడు."

శ్రీనివాసులు నివాసులైనాడు. శ్రీమతి లక్ష్మమ్మ మతి లక్ష్మమ్మ అయినది. శ్రీశైలము నుండి వచ్చి ఇచ్చట స్థిరపడిన కుటుంబమువారి పాత చిరునామాను గూడ పేరుతోపాటు అదే గడిలో వ్రాసియుండుటచేత, ఆ క్షేత్రము శైలమైపోయినది. ఇవి కంటికి కనబడు తప్పులు, దిద్దుకొనవచ్చును. నన్ను కలతపెట్టినవి కంటికి కనబడనివి. శ్రీహరి హరి యయినాడు, శ్రీరాములు రాములైనాడు, శ్రీలక్ష్మి లక్ష్మి యైనది. హరి యను పేరు లోకములో నున్నది గదా, రాములు లేడా, లక్ష్మి లేదా? ఈ పేర్లను చూచిన వారెవ్వరును వీనిలో నొకటి పోయినదని గుర్తింపజాలరు. అంగవైకల్యము కానరాని చోట వైద్యుడును లేడు.

శ్రీనివాస శబ్దమును ఒక్క క్షణము నిలిచి చూడవలెను. శ్రీకి, అనగా లక్ష్మికి, నివాసమైనవాడు శ్రీనివాసుడు. అందులోని శ్రీ మర్యాదకు తగిలించినది కాదు; ఆయన యెవరో చెప్పునదే అది. దానిని తీసివేసినచో మిగులునది ఉత్త ఇల్లు. అందులో కాపురమున్న తల్లి లేదు. వెంకటరెడ్డికి ముందున్న శ్రీయు, నివాసునకు ముందున్న శ్రీయు ఒకే యక్షరము, ఒకే రూపము, ఒకే ఉచ్చారణము. మొదటిది తీసినను వెంకటరెడ్డి వెంకటరెడ్డియే, రెండవది తీసిన శ్రీనివాసుడు లేడు. ఈ భేదము అక్షరములో లేదు, అర్థములో నున్నది. మన కడపకు ఆనుకొనియున్న దేవునికడప క్షేత్రములోని స్వామి లక్ష్మీవేంకటేశ్వరుడు. ఉగాదినాడు ముస్లిము కుటుంబములవారు పెక్కుమంది ఆ గుడికి వచ్చి, స్వామిప్రక్కనున్న తల్లిని బీబీ నాంచారమ్మగా, తమ యింటి ఆడపడుచుగా భావించి, స్వామిని అల్లునిగా దర్శించి పోవుట ఈ సీమవారు తరతరములుగా చూచుచున్నదే. ఆ చుట్టరికమంతయు ఆయన పేరునకు ముందున్న తల్లిచేత వచ్చినది. ఆమెను తొలగించినచో వారికి ఆయన యేమగును?

యంత్రము ఈ భేదమును ఎరుగదు. అట్లని దానిని నిందించుట తగదు, మనము చెప్పినదే అది చేయును. కాని అది అక్షరమును చూచు తీరును మేనల్లుడు వివరింపగా నేను ఆశ్చర్యపడితిని. మన కంటికి శ్రీ ఒక్క యక్షరము. యూనికోడు లెక్కలో అది నాలుగు: శకారము, దానిక్రింద పొల్లు, రేఫ, దీర్ఘమైన గుడి. మొదటి యక్షరమును తీసివేయుమని ఎవరైన ఒకటి అని లెక్క చెప్పినచో, శకారము మాత్రమే పోయి, పొల్లును, రావత్తును, గుడిదీర్ఘమును పట్టుకొనుటకు హల్లులేక, చుక్కల వృత్తమొకదాని కంటుకొని తెరమీద వ్రేలాడును. ఎల్‌ట్రిమ్ అను మరియొక ఆజ్ఞ కలదట. ఒరాకిల్‌లోను పోస్ట్‌గ్రెస్‌లోను దానికి తీసివేయవలసిన మాట నిచ్చినచో, అది మాటను మాటగా గాక అక్షరముల గుంపుగా గ్రహించి, మొదటినుండి ఆ గుంపులోని యక్షరములు కనబడినంతమేరకు వానినెల్ల తినివేయుచు పోవును. శ్రీ యనియు ఖాళీ యనియు చెప్పి దానిని "శ్రీ రంగయ్య" మీదికి విడిచినచో, శ్రీ పోవును, ఖాళీ పోవును, రేఫ గూడ గుంపులోనిదే గనుక రంగయ్యలోని రకారమును పోవును. మిగులునది సున్నతో మొదలగు "ంగయ్య". అక్కరలేనిది తీయబోయి ఎక్కడ ఆగవలెనో తెలియని వైరాగ్యము ఇట్టిదే. నేను కొందరు సాధకులను చూచితిని: భార్యాబిడ్డలు ఉపాధి యనిరి, ఊరు ఉపాధి యనిరి, తుదకు దయయు ఉపాధియే యని దానిని గూడ విడిచిరి.

ఉపాధి యన్నాను గనుక ఆ మాటను సరిగా నిర్వచించుకొందము. పదునేడవ శతాబ్దివాడైన ధర్మరాజాధ్వరి తన వేదాంతపరిభాషలో విశేషణమునకును ఉపాధికిని గల భేదమును సూక్ష్మముగా చెప్పినాడు. ఒక వస్తువును ఇతర వస్తువులనుండి వేరుపరచుచు, అక్కడ ఉండి, చెప్పబడు విషయములో తానును పాల్గొనునది విశేషణము; వేరుపరచుచు, అక్కడ ఉండియు, ఆ విషయములో పాల్గొననిది ఉపాధి. నల్లకలువ యనునపుడు నలుపు విశేషణము. చెవితొఱ్ఱలోని ఆకాశమే శ్రోత్రేంద్రియమన్నపుడు ఆ తొఱ్ఱ ఉపాధి. ఇక మూడవదియు నున్నది. దేవదత్తుని యిల్లేదని యడిగినవానికి, అదిగో కాకి వ్రాలినదే, అని చూపింతుము. వాడు ఇంటికి చేరునప్పటికి కాకి ఎగిరిపోయినను ఇల్లు మారదు. అది ఉపలక్షణము. పేరునకు ముందు నిలుచు మాటలను ఈ మూడు తరగతులలో పెట్టి చూచిన గాని వానిమీద చేయి వేయరాదు. వెంకటరెడ్డికి ముందున్న శ్రీ కాకివంటిది. పేరునకు ముందున్న ఇంటిపేరు ఉపాధివంటిది. మన స్త్రీలకు పెండ్లితో అది మారును, మనిషి మారదు. శ్రీనివాసునిలోని శ్రీ విశేషణము గూడ కాదు, అంతకంటె దగ్గరిది.

ఆ పుస్తకములోనే నాకు ఒక తల్లి కనబడినది. ఆమె పేరు ఇచ్చట చెప్పను. ఒకచోట చి.ల.సౌ. అని ముందుంచి, పుట్టినింటి ఇంటిపేరుతో, ప్రొద్దుటూరు చిరునామాతో ఆమె పేరున్నది. పెండ్లి కుదిరినపుడు పుట్టినింటివారు ఆమె చేత ఇప్పించిన విరాళమది. చాల పుటల తరువాత, శ్రీమతి యని, మెట్టినింటి ఇంటిపేరుతో, జమ్మలమడుగు చిరునామాతో రెండవసారి. ఇంకను చాల ఏండ్ల తరువాత, పులివెందులలో కొడుకింటి చిరునామాతో, గం.భా. అని మూడవసారి. గంగాభాగీరథీ సమానురాలని, భర్త పోయిన స్త్రీ పేరునకు ముందు మన పెద్దలు వ్రాయుచుండిన మాట అది. పవిత్రతకు పోలిక వలె వినబడును. కాని ఆ రెండక్షరములు ముందు చేరిన నాటినుండి ఆమెను పేరంటమునకు పిలుచువారు లేరు. మూడుసార్లును ద్రవ్యము ఒకే తిథికి, ఆమె తండ్రి తిథికి, ఇచ్చినది. అందుచేతనే ముగ్గురును ఒకరేయని నాకు తెలిసినది. యంత్రమున కామె ముగ్గురు స్త్రీలు.

తత్, త్వమ్ అను రెండు పదముల ఐక్యమును చెప్పు ఛాందోగ్య మహావాక్యమును వివరించుటకు అద్వైతులు చెప్పు ఉదాహరణము ఈ తల్లి విషయమున నాకు మొదటిసారి నిజముగా అర్థమైనది. ఏనాడో ఒక యూరిలో చూచిన దేవదత్తుడు మరియొకనాడు మరియొక యూరిలో ఎదురుపడగా, ఆతడే ఈతడని గుర్తింతుము. నాటి కాలమును నాటి దేశమును, నేటి కాలమును నేటి దేశమును విడిచిపెట్టి, రెంట నున్న మనిషిని మాత్రము గ్రహించిన గాని ఆ గుర్తింపు పొసగదు. కొంత విడిచి కొంత గ్రహించు ఈ తీరునకు జహదజహల్లక్షణ యనియు, భాగత్యాగలక్షణ యనియు పేరు. ఈశ్వరుని సర్వజ్ఞత్వమును, జీవుని అల్పజ్ఞత్వమును అట్లే విడిచి, మిగిలిన చైతన్యము ఒక్కటే యని వారు చెప్పుదురు. ఆ తల్లి పేరునకు ముందున్న మూడు మాటలను, రెండు ఇంటిపేర్లను, మూడు ఊళ్లను ప్రక్కకు పెట్టినప్పుడే ఆమె ఒక్కతెయై మాకు దొరకినది. తొలగించుట యనునది కొన్నివేళల దయ. ఆ మాట గట్టిగా చెప్పుచున్నాను. ఎందుకనగా ఇకముందు దానికి విరుద్ధముగా గూడ చెప్పబోవుచున్నాను.

ప్రొద్దుటూరులో అగస్త్యేశ్వరస్వామి ఆలయమున్నది. పుట్టపర్తి నారాయణాచార్యులవారు శివతాండవమును ఈ యూరిలోనుండగానే వ్రాసిరి; ఆ యాలయ ప్రదక్షిణములకును ఆ కావ్యమునకును గల సంబంధమును ఊరివారు ఇప్పటికిని చెప్పుకొందురు. పెన్నయొడ్డున ముక్తిరామేశ్వరమున్నది. శివాలయములలో పెక్కింటి పేర్లు ఇట్టివే. ప్రతిష్ఠించినవాని పేరు ముందు, ఈశ్వర శబ్దము వెనుక. అగస్త్యుడు వేఱు, రాముడు వేఱు, ఈశ్వరు డొక్కడే యని అద్వైతి సులభముగా చెప్పును. సరే, అగస్త్యేశ్వర శబ్దమునుండి అగస్త్య యను భాగమును యంత్రముచేత తీయించి చూడుడు. ఈశ్వర యని మిగులదు. యకారము వరకు పోయి, ఏత్వము ఒక్కటి ఆధారములేక "ేశ్వర" యని మిగులును. అకారమును ఈకారమును కలిసి ఏకారమైన గుణసంధిలో, ముందుపదము చివరియచ్చును వెనుకపదము మొదటి యచ్చును రెండును నశించి మూడవది పుట్టినది. అందులో ఇంతవరకు నాది, ఇక్కడినుండి నీది యని గీత గీయుటకు చోటు లేదు. కత్తితో కోసిన వానికి ఈశ్వరుడు దొరకడు. వ్యాకరణము తెలిసి, సంధి విడదీసి, పోయిన ఈకారమును మరల నిలువబెట్టినవానికే దొరకును.

రామానుజులవారి వాదమును నేను ఈ యేత్వములో చూచుచున్నాను. గుణములను తీసివేసిన పిదప నిర్గుణమైన వస్తువు మిగులునని అద్వైతులు చెప్పగా, గుణమును గుణియు, శరీరమును శరీరియు వేఱుచేయ వీలులేని సంబంధము కలవనియు, దానికి అపృథక్సిద్ధి యని పేరనియు, తత్ త్వమ్ అను పదములకు సామానాధికరణ్యము చెప్పుటకు ఏ భాగమును విడువ నక్కరలేదనియు ఆయన శ్రీభాష్యమున వాదించెను. ఆయన భాష్యము పేరే శ్రీతో మొదలగుట గమనింపదగినది. మధ్వాచార్యులవారు ఇంకను ముందుకు పోయిరి. ఆ మహావాక్యమునకు సరిగా ముందున్న పదము ఆత్మా. దాని చివరి దీర్ఘములో సవర్ణదీర్ఘసంధిచేత ఒక అకారము లీనమైయున్నదనియు, ఆ యకారము తత్ పదమునకు ముందు నిలిచిన నిషేధమనియు, కావున ఆ వాక్యము అభేదమును గాక భేదమునే చెప్పుచున్నదనియు వారి వ్యాఖ్యానము. అదే అక్షరపంక్తి. పదము ఎచట మొదలగునన్నదే తగవు. ముందొక అకారమున్నదని యొకరు, లేదని మరియొకరు. ఆ ఒక్క యకారముచేత ఎన్నో శతాబ్దములుగా రెండు మతములు ఎదురెదురుగా నిలిచియున్నవి. ముందు చేరిన అక్షరమును తేలికగా చూడరాదని చెప్పుటకు ఇంతకంటె వేఱు సాక్ష్యము నాకు అక్కరలేదు.

ఉపసర్గలకు స్వతంత్రముగా అర్థమున్నదా, లేక క్రియతో చేరినప్పుడే అవి అర్థమును వెలిగించునా యని యాస్కుని నిరుక్తములో శాకటాయనునికిని గార్గ్యునికిని అభిప్రాయభేదము చెప్పబడినది. హృ ధాతువునకు ముందు ఒక్కొక్క ఉపసర్గ చేరి ఆహారము, విహారము, సంహారము, పరిహారము పుట్టుట మనమందరము బడిలో నేర్చినదే. అన్నదాన పుస్తకములో ఆహారమునకు ముందున్న ఆకారమును తీసివేసితిమా, పంక్తిలో కూర్చున్నవాని ముందు వడ్డించునది హారము.

ఈ సీమయందే ముందుమాటల చరిత్ర పెద్దది. తెలుగున లభించిన శాసనములలో మొదటిదిగా పండితులు చెప్పు క్రీ.శ. 575 ప్రాంతపు కలమళ్ల శాసనము జమ్మలమడుగు ప్రొద్దుటూరులకు దగ్గరలో, ఎఱ్ఱగుంట్ల మండలములో దొరకినది. అందులోని రేనాటిచోడ ప్రభువు ధనంజయుడు తన పేరునకు ముందు ఎరికల్ముత్తురాజు అను బిరుదముతోనే కనబడుచున్నాడు. అనగా తెలుగులో రాతిమీద మనకు దొరకిన తొలి మాటలనుండియే పేరు ఒంటరిగా లేదు. జిల్లా పేరు సంగతియు అట్టిదే. తిరుమలకు పోవువారికి దేవుని గడప వంటిదగుటచే దేవునికడప యైనదని పెద్దలు చెప్పుదురు. ఆ దేవుని శబ్దము ఊరిపేరునుండి ఎప్పుడో జారిపోయి కడప మిగిలినది. ఇంగ్లీషువారు తమ నోటికి తగినట్లు వ్రాసికొనిన వర్ణక్రమమును 2005లో మార్చిరి. 2010లో జిల్లా వైఎస్సార్ జిల్లా యైనది. 2025లో వైఎస్సార్ కడప జిల్లా యైనది. మా దాతల చిరునామాలలో ఈ రూపములన్నియు నున్నవి. వారిలో ఏ యొక్కరును ఇల్లు కదలలేదు.

నారాయణాచార్యులవారి విషయము ఇంకొక రీతిది. పుట్టపర్తి యనునది ఇంటిపేరు, అంతకుముందు ఊరిపేరు. కాని ఈ యూరిలో ఆయనను నారాయణాచార్యులనువారు తక్కువ, పుట్టపర్తివారనువారే ఎక్కువ. ముందున్నది నిలిచి, పేరు వెనుకకు జరిగినది. ఉపాధి యనుకొన్నదే లోకమునకు ఆయన స్వరూపమైనది. 1972లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. ఇచ్చటను శ్రీ యున్నది! అయితే అట్టి పురస్కారములను పేరునకు ముందుగాని వెనుకగాని తగిలించుకొనరాదని, అవి రాజ్యాంగము 18వ అధికరణము నిషేధించిన బిరుదములు కాకుండవలెనన్న అట్లే యుండవలెనని, 1995 డిసెంబరులో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. సన్మానము ఉండవచ్చును, పేరులో చేరరాదు. విశేషణమునకును ఉపలక్షణమునకును గల భేదమునే ధర్మాసనము తన భాషలో చెప్పినదని నా నమ్మకము.

మేనల్లుడు మరియొకటి చూపెను. శ్రీశ్రీ యని వ్రాసి ఆ రీప్లేస్ ఆజ్ఞను నడిపించినచో ఏమియు మిగులదు. శ్రీరంగము శ్రీనివాసరావుగారి ఆ కలముపేరులో ముందున్నదియు శ్రీయే, వెనుకనున్నదియు శ్రీయే. మిగిలిన ఆ ఖాళీ యేమి? పోస్ట్‌గ్రెస్‌లో అది ఖాళీమాట, అనగా ఉన్నది గాని అందులో అక్షరము లేదు. ఒరాకిల్‌లో ఖాళీమాటకు ప్రత్యేకస్థితి లేదు. అది నల్ అగును, అనగా దానినిగూర్చి ఏమియు తెలియదని అర్థము. అన్ని ధర్మములను నిషేధించుకొనుచు పోయిన పిదప మిగులునది సాక్షియైన చైతన్యమని వేదాంతి చెప్పగా, మిగులునని గాని మిగులదని గాని చెప్పుటయే పొరపాటని మాధ్యమిక బౌద్ధుడు చెప్పును. యంత్రములు చేసినవారు ఆ గ్రంథములు చూచియుండనక్కరలేదు. తొలగింపు తుదివరకు సాగినప్పుడు ఎవరికైనను ఈ ప్రశ్న ఎదురుకాక తప్పదు.

ఇక మా పుస్తకము మాట. ఆనాడు మేము చేసిన తప్పు శ్రీని తొలగింపబూనుట కాదని నాకు క్రమక్రమముగా తేటపడినది. డేటాబేసును ప్రశ్నించుటలో సెలెక్ట్ అను ఆజ్ఞ కలదు. అది పేరును శ్రీ లేకుండ చూపును గాని, లోపల వ్రాసియున్నదానిని ముట్టుకొనదు. అప్‌డేట్ అనునది లోపలిదానినే చెరిపి వ్రాయును. మేము చూపులో చేయవలసినదానిని పుస్తకములో చేసితిమి. అద్వైతశాస్త్రములో బాధకును నాశమునకును ఇదే భేదము చెప్పుదురు. త్రాటియందు పామును చూచి భయపడినవాడు దీపము తెచ్చి చూచినపుడు పాము బాధింపబడును. దానిని ఎవరును కఱ్ఱతో కొట్టి చంపలేదు, త్రాటిని ఎవరును కాల్చలేదు. కుండ పగులగొట్టనక్కరలేకయే, ఘటాకాశము మహాకాశమే యని తెలియవచ్చును. ఉపాధిని తొలగించుమని శాస్త్రము చెప్పినది జ్ఞానమునకు. ఒకరి పేరునుండి వారి తల్లిదండ్రులు పెట్టిన అక్షరమును, ఒకరి మాటనుండి వారి ఊరిని, ఒకరి బ్రదుకునుండి వారి కథను తుడిచివేయుటకు అది ఎవరికిని అధికార మీయలేదు. శంకరులవారిని నమ్మినవాడనైయుండియు, ఈ విషయమున రామానుజులవారి ఎదుట చేతులు జోడించుటకు నాకు సంకోచము లేదు: నాలుగు యూనికోడు గుర్తులు కోసివేసి హరినుండి శ్రీని విడదీసిన చేయి నా యాజ్ఞచేత కదలినదే.

కాగితపు పుస్తకము పారవేయక యుంచుట మా యదృష్టము. తొమ్మిది దినములు నేనును మేనల్లుడును కూర్చుండి, చెదలు తిన్న పుటలను వెలుతురునకు పట్టి, ప్రతి పేరును మొదటినుండి సరిచూచితిమి. వ్రాసినవారు వ్రాసినది వ్రాసినట్లే ఒక కాలములో, అనగా నిలువుగడిలో, ఉంచి దానిని ఎవరును మార్చరాదని కట్టుదిట్టము చేసి, వెదకుటకై ప్రక్కన మరియొక కాలము పెట్టితిమి. అందులో శ్రీయు, దాని వెనుక ఖాళీయు రెండును కలిసియున్న పేర్లను మాత్రము ఏరి, నాలుగు గుర్తులు శ్రీకి, ఒకటి ఖాళీకి పోగా, ఆరవ గుర్తునుండి గ్రహింపుమని వాడు వ్రాసెను. ఖాళీకి బదులు చుక్క పెట్టినవారిని, ఏదియు పెట్టక కలిపి వ్రాసినవారిని యంత్రమునకు విడువక ఒక్కొక్కరిని మేమే చూచితిమి. ఇంటికి దగ్గరలోని గుడి పుస్తకములనో, సంఘముల పట్టికలనో కంప్యూటరునకు ఎక్కించు పిల్లలు ఈ వ్యాసము చదివినచో, మొదటి కాలమును ముట్టుకొనకుడని, కాగితములను పారవేయనీయకుడని వారిని నేను వేడుకొనుచున్నాను.

ఆ తల్లి తండ్రి తిథి మొన్న వచ్చినది. అర్చకుడు ఎప్పటివలెనే గోత్రమును పేరును మాత్రమే అడిగెను. పంక్తిలో చదువు కాగితమున ఆమె పేరు ఒక్కసారి, ముందేమియు లేకుండ వ్రాసితిమి. పుస్తకములో మూడు వరుసలును ఉన్నవి ఉన్నట్లే యున్నవి.